ఇంట్లో మనిషి మంచం పట్టినప్పుడు: సేవకు ఎన్ని చేతులు కావాలో లెక్కగట్టడం, అండ ఎక్కడుందో వెతకడం

పెద్దవారికి పక్షవాతం వచ్చినా, తుంటి ఎముక విరిగినా, మతిమరుపు ముదిరినా మన ఇళ్లలో మొదట లేచే ప్రశ్న "ఎవరు చూసుకోవాలి?" అన్నదే. గొడవ కూడా అక్కడే మొదలవుతుంది. పెద్దకోడలు చేయాలా, చిన్నకోడలు చేయాలా, ఆడబిడ్డ తీసుకెళ్లాలా, దుబాయిలో ఉన్న కొడుకు డబ్బు పంపితే అతని వంతు తీరినట్టేనా అని నెలల తరబడి నలిగి, చివరికి ఎవరు ఎదురు చెప్పలేరో ఆమె మీద మొత్తం పడుతుంది. ఈ వరసను తిరగేయాలి. ముందు పనిని రాయండి, మనిషిని తర్వాత వెతకండి. ఏ పని, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత బలం కావాలి అన్నది కాగితం మీదకు వస్తే ఇంట్లో మాట నిలుస్తుంది. ఆసుపత్రిలోనూ, మండల కార్యాలయంలోనూ అడగవలసింది సూటిగా అడగగలుగుతారు. "మా అత్తమ్మకు బాగా లేదు" అంటే జాలిపడి పంపేస్తారు. "మా అత్తమ్మ తనంతట తాను పక్క మీద తిరగలేదు, ఇంటికి వచ్చి పుండు చూసేవారు కావాలి" అంటే ఎవరిని కలవాలో చెబుతారు.

వరంగల్, హనుమకొండ నుంచి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్ వరకు ఉన్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. గల్ఫ్ వలస, బీడీ పని, పత్తి చేలు, సింగరేణి గనులు ఉన్న ప్రాంతం ఇది. సేవ చేసే మనిషి మరో పక్క ఇల్లు గడిపే మనిషి కూడా అయి ఉంటుంది.

మొదటి అడుగు: ఒక పగలు, ఒక రాత్రి రాసి పెట్టడం

పిల్లల పాత నోటుపుస్తకం చాలు. పొద్దున లేచినప్పటి నుంచి మర్నాడు పొద్దున వరకు జబ్బు మనిషి కోసం చేసిన ప్రతి పనినీ, చేసిన వేళతో సహా రాయండి. చదువు రాని ఇంట్లో పిల్లలు రాస్తారు, లేదా ఫోనులో మాట రికార్డు చేసుకోవచ్చు. ఒక్క రోజు చాలదు. మామూలు రోజు ఒకటి, ఆసుపత్రికి వెళ్లిన రోజు ఒకటి, ఆదివారం ఒకటి రాస్తే తేడా తెలుస్తుంది.

పరకాల పక్క ఊరిలో ఒక ఇల్లు అనుకుందాం. అవ్వకు కుడి పక్క పడిపోయింది. కోడలు అయిదింటికి లేచి బట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, నీళ్లు తాగించి, మందులు వేసి, మెత్తగా కలిపిన అన్నం నెమ్మదిగా తినిపించేసరికి ఎనిమిది అవుతుంది. మధ్యాహ్నం మళ్లీ అదే. సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కతే కాబట్టి ఆ పని మానేశారు. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చాలని డాక్టరు చెప్పారు. ఆమె ఒకసారే లేవగలుగుతోంది. ఇదంతా రాసి చూస్తే మూడు సంగతులు బయటపడతాయి. చేతులతో చేసే పని కన్నా కనిపెట్టుకుని ఉండే సమయం చాలా ఎక్కువ. అవసరమై కూడా జరగని పనులు రెండున్నాయి, కుర్చీలో కూర్చోబెట్టడం, రాత్రి పక్క మార్చడం. ఒక పనికి ఒక మనిషి ఎంత కష్టపడ్డా సరిపోదు, రెండో మనిషి కావలసిందే.

జరగని పనులను కూడా రాయడం ఈ అడుగులో ప్రాణం లాంటిది. ఇళ్లలో చేసిన పనికే లెక్క ఉంటుంది. చేయలేక వదిలేసినవి పడక పుండ్లుగా, బిగుసుకుపోయిన కీళ్లుగా బయటపడే దాకా ఎవరి కంటా పడవు.

రెండో అడుగు: ఏది సొంతంగా, ఏది సాయంతో

సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడి బృందం 1963లో ప్రచురించిన కొలత ఒకటి వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల మీద పట్టు, తినడం అనే ఆరు పనులు. ఒక్కో పని ఎదురుగా "సొంతంగా", "కొంత సాయంతో", "పూర్తిగా ఇతరులే" అని రాయండి. దాని కిందే ఇంటి వ్యవహారాలు: మందులు వేళకు వేసుకోవడం, ఫోను చేయడం, డబ్బు చూసుకోవడం, బస్సెక్కి వెళ్లడం, వంట. మతిమరుపు ఉన్నవారిలో మొదట చెడేది ఈ రెండో వరసే. తింటారు, నడుస్తారు, స్నానం చేస్తారు, అందుకే "బాగానే ఉన్నాడు కదా" అనిపిస్తుంది. కానీ షుగరు మాత్ర రెండుసార్లు వేసుకుంటారు, గ్యాస్ పొయ్యి వెలిగించి మరచిపోతారు, ఊరి పొలిమేర దాటి దారి తప్పుతారు. అలాంటివారికి మోసే బలం అక్కర్లేదు, కనిపెట్టే కళ్లు కావాలి. "కనిపెట్టి ఉండాలి" అని విడిగా ఒక గడి గీయండి.

"కొంత సాయం" అంటే ఎలాంటి సాయమో కూడా రాయాలి. చేయి పట్టుకుంటే నడుస్తారా, నోటితో చెబితే చాలా, ఎత్తి లేపాలా? ఎత్తవలసి వస్తే చేసే మనిషి నడుము ఎన్నాళ్లు ఆగుతుందో కూడా ఆలోచించాలి.

ప్రమాద సూచనలు మరో పేజీలో ఉండాలి. తినేటప్పుడు పొలమారడం, పడిపోవడం, పిరుదుల దగ్గరో మడమ దగ్గరో వేలితో నొక్కినా తగ్గని ఎరుపు, మూత్రం తగ్గడం, ఉన్నట్టుండి మాట తడబడటం. పొలమారుతుంటే పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టి, తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. కొత్తగా మూతి వంకర పోయినా, చేయి లేవకపోయినా నోటుపుస్తకం పక్కన పెట్టి వెంటనే 108కు ఫోను చేయండి.

మూడో అడుగు: మంచం మీది మనిషిని అడగడం

దీన్ని దాటవేసే ఇళ్లే ఎక్కువ. బాపుకు ఏం కావాలో బాపును అడగరు. చుట్టూ నిలబడి ఆయన గురించి మాట్లాడుకుంటారు. స్నానం కొడుకు చేయించినా ఒప్పుకుంటారా, కోడలైతే సిగ్గుపడతారా? కొడుకు ముందు బట్టలు మార్చుకోవలసి వస్తుందని పగలంతా నీళ్లు తాగకుండా ఉండే తల్లులున్నారు. ఆ సంగతి తెలిస్తే ఆ ఒక్క పనికి పక్కింటి ఆమెనో ఆడబిడ్డనో మాట్లాడుకోవచ్చు. ఏ పని తాను చేసుకోగలరో కూడా వారే చెప్పాలి. ఎడమ చేత్తో తినగలిగిన మనిషికి తొందరలో మనం తినిపిస్తూ పోతే, ఉన్న శక్తి కూడా పోతుంది. మాట పడిపోయినవారిని అవునా కాదా అని తేలే ప్రశ్నలు అడిగి, తల ఊపడమో చేయి నొక్కడమో జవాబుగా తీసుకోండి.

నాలుగో అడుగు: సేవ చేసే మనిషిని కొలవడం

ఇది ఎవరూ చేయరు. చేయకపోతే మిగతా లెక్కంతా వృథా. సేవ చేసేవారి భారాన్ని కొలిచే 22 ప్రశ్నల పట్టిక, జారిట్ అనే పరిశోధకుడి పేరు మీద, 1980ల నుంచి వైద్యుల వాడుకలో ఉంది. ఇంట్లో అంత అక్కర్లేదు. ఇంట్లో వారు ఆమెతో ఒంటరిగా కూర్చుని ఈ కొన్ని అడిగితే చాలు: రాత్రి తెగకుండా నిద్రపోయి ఎన్నాళ్లయింది? నీ బీపీ, షుగరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నావు? నడుము నొస్తోందా? సొంత అవసరానికి బయటకు వెళ్లి ఎన్నాళ్లయింది? నీకు జ్వరం వస్తే రేపు ఈ పని ఎవరు చేస్తారు? చివరి ప్రశ్నకు "ఎవరూ లేరు" అన్నదే జవాబైతే, ఆ ఇల్లు అంచు మీద ఉన్నట్టే. రెండో మనిషిని వెతకడం ఆ రోజే మొదలుపెట్టాలి.

పోయిన కూలి కూడా రాయండి. బీడీలు చుట్టే మనిషి రోజుకు ఎన్ని తక్కువ చుడుతోంది, పత్తి ఏరడానికి వెళ్లలేక ఎన్ని రోజుల కూలి పోయింది అన్నది రూపాయల్లో రాస్తే, దూరాన ఉన్న అన్నదమ్ములకు ఆమె సేవ విలువ కనబడుతుంది. ఆమె ఇంట్లోనే ఉంటోంది కదా అన్న మాట అక్కడితో ఆగిపోవాలి.

విసుగు, కోపం, ఏడుపు, జబ్బు మనిషి మీద చేయి లేవబోవడం వంటివి కనబడితే తప్పుపట్టి నిలదీయకండి. ఆ పూటకే పని మరొకరు అందుకోండి. చేయి చేసుకునే దాకా వచ్చి ఉంటే జబ్బు మనిషిని ఆ క్షణమే వేరొకరి దగ్గర ఉంచాలి. మనసు భారానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

అయిదో అడుగు: ఏడాది మొత్తం చూడటం

సేవ అవసరం నెల నెలకూ మారుతుంది. మన దగ్గర పత్తి తీత అక్టోబరు నుంచి సాగుతుంది. మిర్చి కోతలు చలికాలం చివర మొదలై వేసవిలోకి పోతాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజుల్లో ఇంట్లో మగవారు కూడా ఉండరు. వరి కోతలు ఏడాదికి రెండుసార్లు. ఈ వారాల్లో పగలు జబ్బు మనిషి దగ్గర ఎవరుంటారో ముందే రాసుకోవాలి. మే నెల ఎండ మరో గండం. రామగుండం, మంచిర్యాల వైపు వేడికి మంచం మీది మనిషి నీరసించిపోతారు. నీళ్లు ఎక్కువసార్లు తాగించాలి, పక్క ఎక్కువసార్లు మార్చాలి, ఆ మేరకు పని పెరుగుతుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ఇల్లంతా కదిలితే ఇంటి దగ్గర ఆగే మనిషి ఎవరు? ప్రతిసారీ ఆ ఒక్క కోడలే ఆగడం న్యాయం కాదు.

ఆరో అడుగు: కుటుంబం కూర్చోవడం

బతుకమ్మకు, దసరాకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, హైదరాబాదు నుంచి కొడుకులు వస్తారు. పండుగ రోజు వద్దు. పండుగ అయిన మర్నాడు, ఎవరూ బస్టాండుకు బయలుదేరకముందే, నోటుపుస్తకం మధ్యలో పెట్టుకుని కూర్చోండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకును వీడియో కాల్‌లో కలపండి. సేవ చేస్తున్న ఆమెను ముందు మాట్లాడనివ్వండి. ఆమె నోరు విప్పలేకపోతే నోటుపుస్తకాన్ని ఆడబిడ్డ చదివి వినిపించాలి.

పనులను మనుషులకు పంచడం కన్నా, పనులను విడగొట్టడం మేలు. దూరాన ఉన్న మనిషి కూడా మందుల చీటీలు, పరీక్ష కాగితాలు ఫోనులో దాచి పెట్టవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లే తేదీ గుర్తు చేయవచ్చు, పింఛను దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవచ్చు, రోజూ ఒక వేళకు అవ్వతో మాట్లాడి ఆ అరగంట కోడలికి తీరిక ఇవ్వవచ్చు. డబ్బు పంపేవారు నెలకు ఎంత, ఏ తేదీకి అన్నది అందరి ముందు చెప్పాలి. "అవసరమైతే అడగండి" అంటే అడగవలసిన బరువు మళ్లీ ఆమె మీదే పడుతుంది. ఆమెకు నెలలో కొన్ని రోజులు పూర్తి సెలవు ఉండాలి. ఆ రోజుల్లో ఎవరు వచ్చి ఉంటారో పేరు రాసి తేల్చుకోండి.

ఏడో అడుగు: బయటి అండ వెతకడం

కుటుంబంలో పంచుకున్నాక కూడా మిగిలిపోయే గడులకే బయటి సాయం వెతకాలి.

ఊరి ఆశా కార్యకర్తతో, ఉపకేంద్రంలోని ఏఎన్ఎంతో మొదలుపెట్టండి. ఇంటికి వచ్చి చూసేది వారే. బీపీ, షుగరు మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. రక్త పరీక్షల నమూనాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి పంపుతారు. పెద్ద జబ్బుకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. కానీ ప్రతి పనికీ అక్కడికి మోసుకెళ్లనక్కరలేదు. 2022 నుంచి మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, జనగామ, భూపాలపల్లి, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వంటి చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపీ, ఎముకల విభాగం ఏ రోజుల్లో చూస్తాయో ముందు కనుక్కోండి.

క్యాన్సరు ముదిరినవారికి, నొప్పితో మంచం పట్టినవారికి జిల్లా స్థాయిలో ఉపశమన వైద్య కేంద్రాలున్నాయి. ఆలన పేరుతో వారి వాహనం ఇళ్లకు కూడా వస్తుంది. పుండ్లు కడగడం, గొట్టాలు మార్చడం, నొప్పికి మందు ఇవ్వడం వారి పని. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని పెద్దాసుపత్రిలో చెప్పినప్పుడు చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ మాట విన్న రోజే జిల్లా ఆసుపత్రిలో ఈ కేంద్రం గురించి అడగండి. నొప్పి తగ్గించడం కూడా వైద్యమే, దాన్ని అడిగే హక్కు మీకుంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర చికిత్స అందులోకి వస్తుందో లేదో చేరకముందే తెలుసుకోండి. అది ఆసుపత్రి చికిత్సకే. ఇంట్లో ఆయాకు, డైపర్లకు రాదు కాబట్టి నెల ఖర్చు లెక్కలో వాటిని వేరుగా రాసుకోవాలి. సింగరేణిలో పనిచేసి దిగిపోయినవారు తమ వైద్య కార్డు చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోవాలి.

పింఛను సంగతి. చేయూత కింద వృద్ధులకు, వితంతువులకు, బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయలు, వికలాంగులకు 4,016 రూపాయలు అందుతున్నాయి. వికలాంగుల పింఛనుకు ధ్రువపత్రం కావాలి. ఇదివరకు సదరం శిబిరాల ద్వారా వచ్చేది, ఇప్పుడు దేశమంతటికీ ఒకటే అయిన యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కింద ఇస్తున్నారు. మీసేవలో అడిగి, పరీక్షకు పిలిచిన తేదీకి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజు మీ నోటుపుస్తకం, ఆసుపత్రి నుంచి పంపినప్పటి కాగితం, స్కానింగ్ రిపోర్టులు వెంట ఉంచుకోండి. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పార్కిన్సన్ జబ్బు, పుట్టుకతో వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్, తలసేమియా, మానసిక అనారోగ్యం అందులో ఉన్నాయి. కాలో చేయో పోతేనే వైకల్యమని అనుకుని ఎందరో దరఖాస్తే పెట్టడం లేదు. ములుగు, ఆదిలాబాద్ వైపు గిరిజన గూడేల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. దళారి చేతికి ఒక్క రూపాయి ఇవ్వకండి. పని ఆగిపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

పిల్లల విషయం వేరు. ఎదుగుదల లోపం ఉన్న పిల్లలకు మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో చదువు, ఫిజియోథెరపీ దొరుకుతాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. పిల్లలు పద్దెనిమిదేళ్లు దాటాక చట్టబద్ధ సంరక్షకులుగా ఉండేందుకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. "మేం పోయాక వీడికెవరు" అని కుమిలిపోయే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: ఆ దరఖాస్తు మీరుండగానే పెట్టండి.

చక్రాల కుర్చీ, వాకర్, వినికిడి యంత్రం వంటివి కొనేముందు జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి. పేద వృద్ధులకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద శిబిరాల్లో ఇస్తారు. 70 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. మంచం మీది మనిషిని ఆటోలో వేసుకుని బ్యాంకుకు తీసుకెళ్లకముందు మేనేజరుకు ఆ మాట గుర్తు చేయండి. ఉద్యోగ విరమణ చేసినవారి జీవన ప్రమాణ పత్రం పని పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కూడా చేస్తారు.

ఎవరిని అడగాలో తెలియనప్పుడు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పింఛను, వృద్ధాశ్రమం, న్యాయ సలహా, వేధింపులు ఏ విషయమైనా వింటారు.

ఇంటికి ఆయానో నర్సునో పెట్టుకుంటే మీ ఆరు పనుల పట్టికను వారి ముందు పెట్టి మాట్లాడండి. ఒళ్లు తుడవడం, తినిపించడం ఆయా చేయగలదు. ముక్కు గొట్టం, మూత్రం గొట్టం మార్చడం శిక్షణ ఉన్న నర్సు పని, ఆయా చేత చేయించకూడదు. ఆధార్ చూడండి, ఇంతకు ముందు చేసిన ఇంటివారితో మాట్లాడండి, నెల సెలవులు, ఆమె రానిరోజు ఎవరు వస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. ఆమెకూ నిద్ర కావాలి. రాత్రింబవళ్లు ఒకే మనిషి చేత చేయిస్తే సేవ చెడుతుంది.

చివరగా, చూసుకోవలసిన పిల్లలు చూసుకోకపోతే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించగలదు. తెల్లకాగితం మీద అర్జీ పెట్టవచ్చు. భూమి, ఇల్లు పిల్లల పేర రాసే ముందు "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు ఉండి వారు తప్పితే, 23వ సెక్షను కింద ఆ రిజిస్ట్రేషన్ చెల్లదని ప్రకటించమని అడగవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయండి. తల్లి ఈ గడప తొక్కితే కొడుకు పరువు పోతుందని ఊరు అంటుంది. తల్లి ఆకలితో ఉన్నప్పుడు పోని పరువు అర్జీ పెడితే పోదు.

ఎనిమిదో అడుగు: లెక్కను తిరిగి చూడటం

మూడు నెలలకోసారి ఒక పగలు, ఒక రాత్రి మళ్లీ రాయండి. పడిపోయినా, ఆసుపత్రిలో చేరి వచ్చినా, సేవ చేసే ఆమెకు కాన్పో ఆపరేషనో ఉన్నా, ఆయా మానేసినా మూడు నెలలు ఆగకుండా అప్పుడే రాయాలి. మందుల పేర్లు, పూటలు, పడని మందులు, డాక్టరు నంబరు, 108, 14567, 14416, ఆశా కార్యకర్త నంబరు, రేపు పని అందుకోగల ఇద్దరి పేర్లు ఒకే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి మంచం పక్క గోడకు అంటించండి. కొత్తగా వచ్చి కూర్చున్న మనిషి దాన్ని చదివి ఆ పూట పని నడపగలరా అని ఒకసారి ఆడబిడ్డ చేతనో మనవరాలి చేతనో చదివించి చూడండి. ఎక్కడ తడబడతారో అక్కడ మరో వాక్యం చేర్చండి.